మాటామంతీ: తాతయ్య టాటా ఎందుకయ్యాడు?

పసిపిల్లల మాట, వినికిడి గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులు. గుంటూరులో 31 ఏళ్లు స్పీచ్ థెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. తెలిసింది చెబుతాను.

ప్రశ్న: కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు. తొమ్మిది నెలల మనవణ్ని హైదరాబాద్‌లో నేనే చూసుకుంటున్నాను. వాడితో రోజంతా మాట్లాడుతూనే ఉండాలట. స్నానం చేయించేటప్పుడు కూడా "ఇప్పుడు నీళ్లు పోస్తున్నా, ఇప్పుడు సబ్బు రాస్తున్నా" అని చెప్పాలట. లేకపోతే మాటలు ఆలస్యమవుతాయని కోడలు ఫోన్‌లో చూసింది. నాకు అట్లా వాగడం చేతకాదు. ముగ్గురు పిల్లల్ని పెంచాను, ఎవరితోనూ ఇట్లా మాట్లాడలేదు. నా వల్ల వాడికి నష్టమా?
– ఒక నాయనమ్మ, తెనాలి

జవాబు: నాయనమ్మగారూ, ముందు నా తప్పొకటి చెప్పుకోనివ్వండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె రెండేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని వచ్చింది. మిరపకోతలకు వెళ్లే మనిషి. పిల్లాడి చెవిలో చీము, నోట్లో మాట లేదు. నేను చెవి సంగతి పక్కన పెట్టి, "వీడితో రోజంతా మాట్లాడుతున్నావా?" అని నిలదీశాను. "వాడికేం తెలుసని మాట్టాడేదమ్మా? మేం మాట్టాడుకుంటంటే ఇంటాడుగా" అంది. కార్డు మీద "తల్లికి అవగాహన లేదు" అని రాసిపెట్టాను. ఆ అక్షరాలు ఇప్పటికీ కళ్లముందు మెదులుతాయి.

నేను చదువుకున్న పుస్తకాలన్నీ అమెరికా, ఇంగ్లండ్ తల్లుల్ని చూసి రాసినవి. బిడ్డ ఎదురుగా కూర్చుని, గొంతు సన్నం చేసి, వాడు ఉంగా అంటే "అవునా నాన్నా?" అనే తల్లులు. లోకమంతా అంతేననుకున్నాం. బాంబీ షీఫెలిన్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో పాపువా న్యూగినీలో, బొసావి అడవుల్లోని కలూలి జనం మధ్య ఉండి రాసింది చాలా ఏళ్లకు గానీ నా చేతికి రాలేదు. కలూలి వాళ్ల లెక్కలో పసిబిడ్డ మెత్తన, వాడికింకా ఏమీ తెలియదు. తెలియనివాడితో కబుర్లేమిటి? (మా మిరపకోతల ఆమె అన్నదీ ఇదే కదా!) తల్లి బిడ్డను జనం వైపు తిప్పి ఎత్తుకుంటుంది. అన్నో అక్కో పలకరిస్తే గొంతు సన్నం చేసి బిడ్డ తరఫున తానే జవాబిస్తుంది. "తాతయ్యా, నన్నెత్తుకో" అని మన ఇళ్లలో తల్లులు అనే వరసే. బిడ్డ నోట "అమ్మ", "రొమ్ము" అనే రెండు మాటలూ వచ్చాకే వాడికి భాష మొదలైనట్టు. అప్పట్నుంచి ఎవరితో ఏమనాలో తల్లి చెప్పి, చివర "ఎలెమా" అంటుంది. "అట్లా అను" అని అర్థం. అదీ ఆకలేస్తే అన్నం అడగడానికి నేర్పేది కాదు. తన వస్తువు లాక్కున్నవాణ్ని గద్దించడానికీ, వేళాకోళం చేసినవాడికి ఎదురు అంటించడానికీ నేర్పేది. ముద్దుమాటలతో మాట గట్టిపడదని వాళ్ల నమ్మకం. మన బువ్వ, లాల, బజ్జో, అప్పచ్చి వింటే ఏమంటారో!

పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఎలినోర్ ఓక్స్ అనే మరో పరిశోధకురాలు చూసింది ఇంకో తీరు. పిల్లాడు అస్పష్టంగా ఏదో అంటే పెద్దవాళ్లు ఊహించి పూరించరు. "ఏమన్నావ్?" అంటారు. పెద్దలకు అర్థమయ్యేట్టు చెప్పడం చిన్నవాడి పని. మీ పిల్లల తొలిమాట ఏమిటని అడిగితే ఆ తల్లులు చెప్పిన మాటను నేనిక్కడ అచ్చు వేయించలేను. మలం అని అర్థం, ఒక పెద్ద తిట్టులోని ముక్క. పిల్లలు పుట్టుకతోనే పెంకివాళ్లని వాళ్ల అభిప్రాయం కాబట్టి ఆ మాటే వినపడుతుంది. మన దగ్గర పిల్లాడు "త్తా" అంటే చాలు, "అత్త అన్నాడు" అని మేనత్త మురిసిపోదూ!

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో కిచే మాయా అనే జనంలో తల్లులు పసివాళ్లతో మాట్లాడేటప్పుడు గొంతు సన్నమే చేయరు. ఈ పిల్లలందరికీ మాటలొచ్చాయి. వాళ్ల చుట్టూ పొద్దస్తమానం మాట్లాడుకునే మనుషులున్నారు. మీ ముగ్గురూ అట్లా నేర్చుకున్నవాళ్లే.

ఇప్పుడు చిక్కల్లా, ఆ అపార్ట్‌మెంట్‌లో పగలంతా మీరూ మనవడూ ఇద్దరే. విందామన్నా మాట్లాడుకునేవాళ్లు లేరు. కోడలి టెన్షన్‌లో ఆ మేరకు న్యాయముంది. సబ్బు మీద వ్యాఖ్యానం అక్కర్లేదు గానీ, వాణ్ని ఎత్తుకుని కూరగాయల బండి దగ్గరికి దిగి బేరమాడండి. ఎదురింటావిడ దగ్గర కూర్చోండి, వాడి మొహం ఆవిడ వైపు తిప్పి. వాడు ఉంగా అంటే మీకు తోచింది అనండి. చప్పుడుకి తల తిప్పకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాటా రాకపోయినా మాత్రం ముందు వినికిడి పరీక్ష చేయించండి. మిరపకోతల పిల్లాడికి ఆ రోజు కావలసింది అదే, నా ఉపన్యాసం కాదు.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్లు, న్యూజెర్సీలోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, కొంచెం మాట్లాడుతుంది. 'తాత' అనమంటే మాత్రం 'టాటా' అంటుంది. "ఫోన్ ఎత్తగానే నన్ను పంపించేస్తోందిరా" అని మా నాన్నగారు నవ్వుతారు గానీ లోపల బాధే. ఈ తేడా ఇక పట్టుబడదా?
– ఒక తండ్రి

జవాబు: మన 'త'కి నాలుక పళ్లకు తగులుతుంది, 'ట'కి మడతపడి పైకి పోతుంది. ఇంగ్లీషువాళ్ల నాలుక ఈ రెంటికీ నడుమ, చిగురు మీద ఆగుతుంది. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ల పసివాళ్లకు హిందీ త, ట వినిపించారు. ధ్వని మారినప్పుడు తల తిప్పితే బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లు దాదాపు అందరూ తిప్పారు. పది, పన్నెండు నెలలకు తిప్పినవాళ్లు కొద్దిమందే.

కంగారు పడకండి, మీ పాప పుట్టినప్పట్నుంచీ తెలుగు వింటోంది. పసితనంలో హిందీ విని తర్వాత వదిలేసినవాళ్లు కూడా, పెద్దయ్యాక మళ్లీ నేర్చుకుంటుంటే ఈ తేడా త్వరగా పట్టారని ఆ ఇద్దరే రాశారు. మీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "పాత", "పాట" అనండి. పాత అంటే పాత చొక్కా, పాట అంటే పాడే పెట్టె చూపించమనండి. సరిగ్గా చూపిస్తే చెవి బాగుంది, నాలుకకే అలవాటు లేదు. 'థ్యాంక్యూ' అనేటప్పుడు నాలుక ఎక్కడ పెడుతుందో అక్కడే పెట్టి, గాలి ఆపి 'త' అనమనండి. ఆ చోటు పాపకి తెలుసు. దిద్దే పని మీరు చేయండి, తాతగారు మాత్రం టాటాకే పలకాలి.

ప్రశ్న: మనవరాలు సిడ్నీలో ఉంది, రెండున్నరేళ్లు. తెలుగు రావాలని టీవీలో తెలుగు పాటలు పెట్టి వదిలేస్తున్నారు. నేను రోజూ వీడియో కాల్ చేస్తాను. ఏది నయం?
– ఒక తాతయ్య, భీమవరం

జవాబు: మీరే నయం. 2003లో సియాటెల్‌లో పట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని 12 సార్లు ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అవే మాటలు టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. వీడియో కాల్‌లో అయితే పిల్ల అన్నదానికి మీరు బదులు చెబుతారు. రెండేళ్లు దాటినవాళ్లు ఆ పద్ధతిలో కొత్త మాటలు నేర్చుకున్నారని 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉంది. కాబట్టి మీ కబుర్లు మీరు చెప్పేసి పెట్టేయకండి. ఇడ్లీ చూపించి "ఇదేంటమ్మా?" అని అడిగి ఆగండి. మరీ ఆలస్యమైతే సిగ్నల్ ఉందో లేదో చూసుకోండి.