రీకాల్ లెటర్ వచ్చింది, బండి తియ్యొచ్చా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల: పెద్ద లగ్జరీ ఎస్‌యూవీలు, వాటి మీద ఫిర్యాదులు, రీకాల్స్ (లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి సరిచేయడం). అందుకని మైలేజీ, ఇంజిన్ ఆయిల్ ప్రశ్నలు వచ్చేసారికి వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు.

ప్ర: ఎనిమిదేళ్ల పాత లగ్జరీ ఎస్‌యూవీ ఒకటి బేరం కుదిరేలా ఉంది. బండి అద్దంలా ఉంది. కానీ ఆ మోడల్‌కు ఇప్పటికి తొమ్మిది రీకాల్స్ వచ్చాయట, నేను చూస్తున్న ఇంకో కంపెనీ బండికి రెండే. తొమ్మిదున్నదాని జోలికి పోవద్దని మా బావమరిది అంటున్నాడు. అమ్మేవాడేమో "అవన్నీ ఎప్పుడో అయిపోయాయి సార్" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జ: ఇద్దరి మాటా వినొద్దు. మీ బావమరిది రీకాల్స్‌ని లెక్కపెట్టాడు గానీ చదివినట్టు లేదు. ఆ తొమ్మిదిలో ఒకటి డోర్ పక్కన అంటించే స్టిక్కర్‌లో అంకె తప్పు పడిందని కూడా అయ్యుండొచ్చు, అలాంటివి కూడా రీకాల్ కిందికే వస్తాయి. అటువైపు ఉన్న రెండూ బ్రేకులవో స్టీరింగ్‌దో అయితే? కాబట్టి ఒక్కోదాన్నీ చదివి, ఇది చెడిపోతే బండిని ఆపగలనా, తిప్పగలనా, అందులోంచి క్షేమంగా దిగగలనా అని చూసుకోండి.

2016లో పోర్షే కయెన్, ఫోక్స్‌వాగన్ టూరెగ్ కలిపి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 8 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. కారణం పెడల్స్ దగ్గర వదులయ్యే అవకాశం ఉన్న ఒక చిన్న సర్‌క్లిప్ (భాగం జారిపోకుండా పట్టి ఉంచే రింగు), అంతే. దాన్ని కంపెనీ సొంత పరీక్షల్లోనే పట్టుకున్నారు. ఇలాంటి రీకాల్ ఉన్న బండిని నేనైతే మార్కులు తగ్గించి చూడను, పని పూర్తయిందన్న కాగితం ఉంటే చాలు.

పాత బండి కొనేవాళ్లు ఎక్కువగా ఆలోచించాల్సింది మెర్సిడెస్ వ్యవహారం గురించి. 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్-క్లాస్ బండ్లను 2022 జూన్‌లో దాదాపు 10 లక్షల దాకా రీకాల్ చేశారు. బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ మీద మన కాలి బలాన్ని పెంచి బ్రేకులకు అందించే భాగం) తొడిగిన రబ్బరు కింద తేమ చేరి లోపల తుప్పు పడుతోంది, ముదిరితే పెడల్ తొక్కడానికి బలం చాలదు, మరీ అరుదుగా గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పెడల్‌కీ బ్రేకులకీ సంబంధమే తెగిపోవచ్చు. షోరూమ్‌లోంచి బయటికొచ్చిన రోజు ఆ బండ్లకు ఏ జబ్బూ లేదు, ఏళ్ల తరబడి తడిసి వచ్చిన జబ్బు ఇది. ఇంత ఆలస్యంగా రీకాల్ వచ్చేసరికి బండి ముగ్గురి చేతులు మారి ఉంటుంది, లెటరేమో ఎవరో పాత ఓనర్ అడ్రస్‌కి పోతుంది. అమ్మేవాడు అబద్ధం చెప్పకపోవచ్చు, అతనికే తెలిసి ఉండకపోవచ్చు.

అందుకని 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబర్ తీసుకుని, కంపెనీ సైట్‌లో మీరే కొట్టి చూడండి. తర్వాత అదే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఏ రీకాల్ పని ఏ తేదీన జరిగిందో ప్రింట్ అడగండి. మిగిలినవి ఉంటే బేరం మానుకోనక్కర్లేదు, అవి చేయించి ఇచ్చాకే డబ్బు అని చెప్పండి. కొన్నాక మీ పేరు, అడ్రస్ కంపెనీ దగ్గర మార్పించుకోండి, దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

"ఇంత ఖరీదైన బండిలో కూడానా" అని చాలామంది రాస్తున్నారు. బ్యాడ్జి ఖరీదైనదే, లోపలి ఎయిర్‌బ్యాగ్ మాత్రం మామూలు కార్లకు సరఫరా చేసే సప్లయర్‌దే కావచ్చు. టకాటా అనే జపాన్ సప్లయర్ ఎయిర్‌బ్యాగుల్లో సంచిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు అది ఉండే డబ్బా (ఇన్‌ఫ్లేటర్) లోహపు ముక్కలు మనిషి మీదికే వచ్చాయి. చవక కార్లనీ బీఎండబ్ల్యూలనీ అది తేడా చూడలేదు.

ప్ర: బ్రేకులకు సంబంధించి రీకాల్ లెటర్ వచ్చింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పార్ట్ రాలేదు, మూడు నెలలు ఆగమన్నారు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపేది ఈ బండిలోనే. అప్పటిదాకా నడపొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జ: ఆ లెటర్ మళ్లీ తీసి, ఒక్క వాక్యం కోసం వెతకండి. "వీలు చూసుకుని తీసుకురండి" అనడం వేరు, "రిపేర్ అయ్యేదాకా నడపకండి" అనడం వేరు. నడపొద్దని రాసి ఉంటే ఇక వాదన లేదు, పిల్లలున్నా లేకపోయినా తాళం తీయకండి. పైన చెప్పిన మెర్సిడెస్ రీకాల్‌లో కంపెనీ అలాగే చెప్పింది, చెక్ చేయించేదాకా బండి తీయొద్దని. 2023లో బీఎండబ్ల్యూ కూడా అమెరికాలో దాదాపు 90,000 పాత కార్ల ఓనర్లకు ఇదే మాట చెప్పింది, వాటిలో పాత ఎక్స్5 ఎస్‌యూవీలు ఉన్నాయి, కారణం ఆ టకాటా ఎయిర్‌బ్యాగులే. ఇలాంటప్పుడు బండిని టోయింగ్‌లో తీసుకెళ్లమనీ, పార్ట్ వచ్చేదాకా వేరే బండి ఇమ్మనీ అడగండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. ఫోన్‌లో చెప్పింది రేపు ఎవరికీ గుర్తుండదు.

మూడో రకం ఒకటుంది: నడపొచ్చు, కానీ ఇంటికి దూరంగా ఆరుబయట పార్క్ చేయాలి. జాగ్వార్ ఐ-పేస్ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ బ్యాటరీలకు నిప్పంటుకునే ప్రమాదం ఉందని తేలినప్పుడు ఇలాగే చెప్పారు, ఛార్జింగ్ నిండా పెట్టొద్దన్నారు. చివరికి అమెరికాలో 2019 మోడల్ బండ్లు దాదాపు 2,800 కంపెనీయే తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ రకం లెటర్ వచ్చినవాళ్లు బండి బాగానే నడుస్తోంది కదా అని రాత్రి గ్యారేజీలో పెట్టి తలుపేసుకుంటారు. లెటర్ భయపడింది సరిగ్గా దానికే!

రీకాల్ ప్రకటించడానికీ రిపేర్ జరగడానికీ మధ్య ఉండే ఈ ఖాళీయే నిజమైన ప్రమాదం. 2016 ఏప్రిల్‌లో జీప్ గ్రాండ్ చెరోకీతో పాటు కొన్ని కార్లు, మొత్తం 11 లక్షల దాకా రీకాల్ అయ్యాయి. వాటి గేర్ లీవర్ ఎటు నెట్టినా మళ్లీ మధ్యకే వచ్చేస్తుంది, పార్క్‌లో పడిందో లేదో చేతికి తెలియదు. జూన్‌లో నటుడు యాంటన్ యెల్చిన్ తన ఇంటి ముందు వాలులో, వెనక్కి దొర్లిన తన గ్రాండ్ చెరోకీకీ గేటు దగ్గరి ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయారు. రీకాల్ వచ్చి రెండు నెలలైంది అప్పటికి. మీ లెటర్‌లో నడపొచ్చనే ఉన్నా, పార్ట్ వచ్చేలోపు ఏం జాగ్రత్త తీసుకోవాలో రాసే ఉంటారు. అది చదవండి, ఇంట్లో ఆ బండి నడిపే ప్రతి ఒక్కరితోనూ చదివించండి.

ప్ర: మా ఎస్‌యూవీలో నెలకోసారి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడుతుంది. మూడుసార్లు చూపించాను, మూడుసార్లూ "ఏ ఫాల్ట్ లేదు" అని పంపించారు. రీకాల్ కూడా ఏదీ లేదు. నేనే భ్రమపడుతున్నానా?

జ: భ్రమ అని ఎందుకనుకోవాలి? వర్క్‌షాప్‌లో బండి నిలబడి ఉన్నప్పుడు కంప్యూటర్ పెడితే లోపాన్ని చూపే కోడ్ రాకపోవచ్చు, నెలకోసారి వచ్చేది మంగళవారం పదకొండింటికి వాళ్ల ముందు రాదు కదా. ఈసారి జరిగిన వెంటనే బండి పక్కన ఆపి రాసుకోండి: తేదీ, మీటర్ రీడింగ్, వేగం, ఇంజిన్ అప్పుడే స్టార్ట్ చేశారా, వాన పడుతోందా, డాష్‌బోర్డులో ఏ లైట్ వెలిగింది. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో వాళ్లు "బ్రేక్ చెకప్" అని రాసేసి మీ చేత సంతకం పెట్టించుకుంటారు, పెట్టకండి. "నడుస్తుండగా పెడల్ గట్టిపడి బండి ఆగలేదు" అని మీ మాటల్లోనే రాయించండి. ఆ తర్వాత కంపెనీకి, వాహన భద్రత చూసే ప్రభుత్వ సంస్థకు అదే పంపండి. మీ ఒక్క ఫిర్యాదు వల్ల రీకాల్ రాదు. అయితే వేర్వేరు ఊళ్ల నుంచి ఒకే మాదిరి ఫిర్యాదులు వస్తే దర్యాప్తుకు దారి పడుతుంది, అందుకే తేదీలూ కిలోమీటర్లూ అంత ముఖ్యం. కోపం ఎంత రాసినా వాళ్లకు ఉపయోగం లేదు.

కొన్నిసార్లు బయటివాళ్లే పట్టుకుంటారు. 2010 ఏప్రిల్‌లో లెక్సస్ జీఎక్స్ 460ని పరీక్షించిన అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం మరీ ఎక్కువ జారుతోందనీ, బండి జారకుండా అదుపు చేసే స్టెబిలిటీ కంట్రోల్ ఆలస్యంగా స్పందిస్తోందనీ, ఇంత ఎత్తు బండి బోల్తా పడొచ్చనీ చెప్పి "కొనొద్దు" అని రాసింది. లెక్సస్ సొంతదారు టయోటా వెంటనే అమ్మకాలు ఆపి, సాఫ్ట్‌వేర్ మార్చింది. మే నెలలో పత్రిక మళ్లీ పరీక్షించి ఆ మాట వెనక్కి తీసుకుంది. నాకు తెలిసి ఇంత చకచకా సర్దుకున్న గొడవ ఇంకోటి లేదు.

ప్రతి ఫిర్యాదూ నిజమని కూడా చెప్పను. 1980ల్లో ఆడి 5000 కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అమెరికాలో వందల ఫిర్యాదులు వస్తే, బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే ప్రధాన కారణమని 1989 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది. కానీ ఆ గొడవ వల్లే బ్రేక్ తొక్కితే తప్ప పార్క్‌లోంచి గేరు కదలని ఏర్పాటు వచ్చింది. కాబట్టి రాయండి. లోపం ఏమిటో తేలేదాకా మాత్రం ఆ బండిలో దూరాలు పోవద్దు.

ప్ర: రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేస్తే అదీ రీకాలేనా? నేను "తర్వాత" నొక్కేశాను.

జ: భద్రతా లోపాన్ని సరిచేయడానికి కంపెనీ రీకాల్ కింద పంపిందైతే రీకాలే. వెంటనే పెట్టేయండి. 2025లో వోల్వో ఎక్స్‌సీ90 ప్లగ్-ఇన్ హైబ్రిడ్ లాంటి కొన్ని మోడళ్లలో, బి మోడ్‌లో (యాక్సిలరేటర్ వదిలితే బండి దానంతటదే నెమ్మదించే మోడ్) పెడల్స్ తొక్కకుండా 1 నిమిషం 40 సెకన్లకు మించి వాలు దిగితే బ్రేకులు పూర్తిగా పోయే అవకాశం ఉందని తేలింది. మందు సాఫ్ట్‌వేరే. అప్‌డేట్ అయ్యాక వెర్షన్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి.

ప్ర: రీకాల్ పనికి వెళ్తే పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. ఇది న్యాయమా?

జ: రీకాల్ పనికి పార్టూ లేబరూ రెండూ కంపెనీవే. బిల్లులో లైన్ లైన్ చూడండి, "పనిలో పనిగా" మార్చిన ఫిల్టర్లూ వైపర్లూ అందులో దూరి ఉంటాయి, మీరు ఒప్పుకోనివి తీసేయించండి. రీకాల్ ప్రకటించకముందే అదే లోపానికి మీరు సొంత డబ్బు పెట్టి ఉంటే, అది వెనక్కి ఇమ్మని కూడా అడగొచ్చు. పాత బిల్లు పోయిందంటారా? సర్వీస్ సెంటర్‌లో మీ ఛాసిస్ నంబర్ కొట్టిస్తే పాత జాబ్ కార్డు బయటికొస్తుంది.