మా అమ్మాయి పంక్ బ్యాండ్ పెట్టింది, ఎలా ఆపాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచీ నెమ్మది, దాని లోకం దానిది. స్కూల్లో పెద్దగా స్నేహితులు లేరు. ఏడాదిగా ఇంకో ఇద్దరు అమ్మాయిలతో తిరుగుతోంది. ఒకమ్మాయి వేరే ఊరి నుంచి వచ్చి మధ్యలో చేరింది. ఇంకో అమ్మాయిని లావుగా ఉందని అందరూ ఏడిపిస్తారట. ముగ్గురూ కలిసి పంక్ బ్యాండ్ పెట్టామంటున్నారు. మా అమ్మాయి జుట్టు తనే అడ్డదిడ్డంగా కత్తిరించుకుంది. శని, ఆదివారాలు ఒకళ్ల మేడ మీద గదిలో రెండేసి గంటలు గోల. ఒకసారి వెళ్లి విన్నాను. శ్రుతి లేదు, అన్నీ అరుపులే. స్టేజీ ఎక్కితే అందరూ నవ్వుతారని నాకు టెన్షన్. మావారు గిటార్ తీసి అటక మీద పడేయమంటున్నారు. పది రోజుల కిందట దాని పాటల నోట్‌బుక్ కంటపడితే చెప్పకుండా చదివాను. ఒక పాటలో 'నా కుర్చీ లాగేశారు, కింద కూర్చుని చూస్తే మీ బూట్లన్నీ మురికే' అని ఉంది. ఇంకో పాట నిండా 'అమ్మా, తలుపు కొట్టి రా' అన్న ఒక్క మాటే, పదకొండుసార్లు. చాలాసేపు ఏడ్చాను. ఇంత కోపం ఎక్కడిది? మేమేం తక్కువ చేశాం? దీన్ని ఎలా ఆపాలి?

జవాబు: అమ్మా, మీరు రెండో పాట దగ్గర ఏడ్చారు. నేను మొదటి పాట దగ్గరే ఆగిపోయాను. కుర్చీ లాగేయడం, కింద పడ్డ పిల్లకి చుట్టూ ఉన్నవాళ్ల బూట్లు కనపడటం. ఊహించి రాసేవాళ్లకి బూట్ల మురికి తట్టదు. ఆ నేల మీద నిజంగా కూర్చున్న పిల్లే అది చూస్తుంది. పొరపాటు పడుతున్నానేమో, అయినా ముందు తేల్చుకోవాల్సింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరు బ్యాండ్‌ని సమస్య అనుకుంటున్నారు. బ్యాండ్ తర్వాత వచ్చింది, కుర్చీ ముందు.

కోపం ఎక్కడిదని అడిగారు. ముగ్గురు పిల్లల గురించి మీరు రాసిన నాలుగు ముక్కల్లోనే జవాబుంది. ఒకరు మాట్లాడరు, ఒకరు కొత్త, ఒకరి ఒళ్లు చూసి నవ్వుతారు. క్లాసులో ఎవరి పక్కనా చోటు దొరకని ముగ్గురు ఒకరి పక్కన ఒకరు చేరారు. అలాంటి పిల్లలు పంక్ దగ్గరికే ఎందుకు వెళ్లారో మీకు చెప్పాలి, ఎందుకంటే మీకు వినపడిన గోల వెనక ఒక చరిత్ర ఉంది.

1970ల మధ్యలో న్యూయార్క్, లండన్‌లలో పంక్ అనే ఈ వేగమైన, గరుకైన రాక్ సంగీతం పుట్టినప్పుడు దాని పట్టుదల ఒక్కటే: ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లే పాడాలన్న నియమం ఎవరు పెట్టారు? 1977లో ఇంగ్లండ్‌లో ఒక చిన్న పత్రిక గిటార్ మీద మూడు కార్డ్‌ల (అంటే కలిపి మోగించే స్వరాల) బొమ్మలు గీసి, ఇక బ్యాండ్ పెట్టుకోండని రాసింది. ఆ పిలుపు అమ్మాయిలకీ అందింది. లండన్‌లో 1976లో మొదలైన 'ది స్లిట్స్' అనే అమ్మాయిల బ్యాండ్‌లో పాడిన ఆరీ అప్‌కి అప్పటికి పద్నాలుగేళ్లు, మీ అమ్మాయి కంటే ఏడాది చిన్నది. అదే ఏడాది బ్యాండ్ పెట్టిన పాలీ స్టైరీన్ తండ్రి సోమాలీ, తల్లి బ్రిటిష్. పళ్లకి కట్టిన క్లిప్పులు కనపడేలా నోరంతా తెరిచి పాడింది. దేన్ని దాచుకోమని లోకం చెప్పిందో దాన్నే ముందు పెట్టి నిలబడింది. 1990ల మొదట్లో అమెరికాలో ఒలింపియా అనే ఊళ్లో 'బికినీ కిల్' బ్యాండ్ గాయని క్యాథ్లీన్ హానా, మగపిల్లల తోపులాటకి వెనక్కి వెళ్లిపోయిన అమ్మాయిలని స్టేజీ ముందుకి పిలిచి నిలబెట్టేది.

మీ అమ్మాయి పాటకి మరీ దగ్గరగా ఉన్నది ఇంకొకటి. లాస్ ఏంజెలిస్‌లో 'ది లిండా లిండాస్' అని నలుగురు అమ్మాయిలు. 2021లో ఒక పబ్లిక్ లైబ్రరీలో వాళ్లు పాడిన పాట వీడియో ప్రపంచమంతా తిరిగింది. అప్పటికి డ్రమ్స్ వాయించే పిల్లకి పదేళ్లు. క్లాసులో ఒక అబ్బాయి, చైనావాళ్లకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడంటూ ఆ పిల్లతో అన్నాడు. తనూ చైనా మూలాలున్న పిల్లే. ఆ మాటలోంచే ఆ పాట పుట్టింది. క్లాసులో జరిగిన అవమానాన్ని మింగకుండా పాట చేయడం మీ అమ్మాయి కనిపెట్టిన వింత పని కాదు. తనకన్నా చిన్నపిల్లలు అదే చేసి నిలబడ్డారు.

శ్రుతి లేదన్నారు. వాళ్ల గిటార్ సరిగ్గా ట్యూన్ చేసి ఉండకపోవచ్చు, అది నిజమే. కానీ పంక్‌లో ఎక్కువగా వాడేది 'పవర్ కార్డ్'. అందులో ఉండేవి రెండే స్వరాలు, మొదటిది, దాని పంచమం. అంటే మన లెక్కలో స, ప. తంబురాలో వెనక మోగుతూ ఉండే ఆ రెండే, పెద్ద సౌండ్‌తో, గరగరలాడుతూ. ఈసారి విన్నప్పుడు వాటిని వెతకండి. దొరికాక కూడా మీకు నచ్చకపోవచ్చు. నచ్చినట్టు నటించొద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఇక అటక. దయచేసి ఆ పని చేయనివ్వకండి. నా దగ్గరికి ఒక అమ్మాయి కొన్నాళ్లు వచ్చేది. ఏమడిగినా 'ఏమో' అనేది. ఒకరోజు నా బల్ల మీది రెండు పెన్సిళ్లు తీసుకుని కుర్చీ చేతి మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి ఒక లెక్కలో, కుడి చెయ్యి ఇంకో లెక్కలో. నేను మాట ఆపేసి విన్నాను. ఆపాక తన బ్యాండ్ గురించి తనంతట తను చెప్పిన మొదటి వాక్యం: "శనివారం నేను వెళ్లకపోతే వాళ్లు మొదలుపెట్టలేరు." చాలాకాలంగా తను రాకపోతే ఏ పనీ ఆగని పిల్ల ఆ మాట అంది. ఇప్పుడు మీ అమ్మాయి కోసం కూడా ఇద్దరు ఎదురుచూస్తున్నారు. మీవారు అటక ఎక్కిస్తానంటున్నది ఆ ఎదురుచూపుని. పైగా మిగతా ఇద్దరు పిల్లల శనివారాలు కూడా దాంతోనే పోతాయి.

ఆయనకి కోపం లేదని, భయమే ఉందని నేననుకుంటున్నాను. ఒకసారి మీ అమ్మాయి ఎడమ చేతి వేళ్ల కొసలు చూడమనండి. తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాసి ఉంటాయి. మొదటి వారాల్లో అవి బాగా నొప్పెడతాయి. ఎవరూ బలవంతం చేయకుండా ఆ నొప్పికి ఓర్చుకుని రోజూ కూర్చున్న పిల్లకి క్రమశిక్షణ లేదనడం అన్యాయం.

ఆయన భయానికి పని చెప్పదగ్గ చోట్లు లేకపోలేదు. మొదటిది చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటల దాకా తట్టుకోవచ్చని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. చిన్న గదిలో డ్రమ్స్, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) కలిస్తే 100 దాటడం పెద్ద విషయం కాదు, వాళ్లేమో రెండు గంటలుంటున్నారు. ప్రాక్టీస్ అయ్యాక చెవుల్లో గుయ్యిమంటోందా అని అడగండి. సంగీతం వాయించేవాళ్ల కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, పాట చెడకుండా శబ్దాన్ని మాత్రం తగ్గిస్తాయి. ముగ్గురికీ మూడు జతలు వాళ్ల నాన్ననే కొని ఇవ్వమనండి. గిటార్ లాక్కోబోయిన చేత్తోనే అవి ఇస్తే ఆ పిల్లకి ఎంత అర్థమవుతుందో!

రెండోది వీడియోలు. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు అమ్మాయిల రాక్ బ్యాండ్ 'ప్రగాశ్' ఒక పోటీలో వాయించింది. ప్రగాశ్ అంటే వెలుగు. తర్వాత ఆన్‌లైన్‌లో వాళ్ల మీద బూతులు, బెదిరింపులు కురిశాయి. మతపెద్ద కూడా తప్పుపట్టాడు. 2013 ఫిబ్రవరికల్లా పిల్లలు బ్యాండ్ ఆపేశారు. బెదిరించినవాళ్లలో కొందరిని పోలీసులు పట్టుకున్నా, ఆగిన పాట ఆగిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. అందుకని దాక్కోమని చెప్పను. ఏదైనా నెట్‌లో పెట్టేముందు ముగ్గురూ ఒప్పుకోవాలి, స్కూలు పేరు, ఇల్లు కనపడకూడదు, మొదటి కొన్ని రోజులు కామెంట్లు వాళ్లు కాకుండా ఒక పెద్దమనిషి చూడాలి. ఈ మాత్రం నియమానికి పిల్లలు ఒప్పుకుంటారు, ముందుగా వాళ్లని కూర్చోబెట్టి అడిగితే.

నవ్వుతారేమో అన్నారు. నవ్వొచ్చు. ఇప్పుడు మాత్రం నవ్వట్లేదా? ఇప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు నవ్వుతున్నారు. అప్పుడు పక్కన ఇద్దరుంటారు, చేతిలో మైకుంటుంది.

బ్యాండ్ ఏడాది తిరక్కుండా విడిపోయినా ఆశ్చర్యపోకండి. ముగ్గురున్నచోట ఇద్దరు దగ్గరై మూడో మనిషి మిగలడం మామూలే, బయట తోసేయబడ్డ పిల్లలు ఆ పని చేయరని ఏమీ లేదు. అలాంటి రోజు వస్తే 'నేను ముందే చెప్పానా' అన్న మాట మీ నోట రాకూడదు.

కుర్చీ సంగతికి మళ్లీ వస్తాను. ఎదురెదురుగా కూర్చుని అడిగితే నోరు విప్పకపోవచ్చు. ఇద్దరూ ఏదో పని చేస్తున్నప్పుడు, నడుస్తున్నప్పుడు అడగండి. "స్కూల్లో నీతో ఎవరైనా మోటుగా ఉంటున్నారా?" అంటే చాలు. చెప్తే సలహా ఇవ్వకుండా చివరిదాకా వినండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరు చూశారు, ఒక కాగితం మీద రాసిపెట్టండి. టీచర్‌తో మాట్లాడేముందు ఆ విషయం మీ అమ్మాయికి చెప్పి, ఏది చెప్పాలో ఏది వద్దో తననే నిర్ణయించనివ్వండి. తనకి తెలియకుండా మీరు స్కూలుకి వెళ్తే, మళ్లీ ఎవరో తన కుర్చీ లాగినట్టే ఉంటుంది. ఒకటి మాత్రం గమనిస్తూ ఉండండి. పాటల్లో కోపం ఉండటం నన్ను భయపెట్టదు. పాటే మానేసి, నిద్ర, తిండి తప్పి, ఒంటి మీద గాయాలు దాచుకుంటున్నా, చచ్చిపోవాలనుందన్న మాట వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

చివరగా మిమ్మల్ని ఏడిపించిన పాట. మేమేం తక్కువ చేశామని దాన్ని చదివారు. నాకు అందులో నింద కనపడలేదమ్మా. లోకం మీద అంత కోపమున్న పిల్ల మిమ్మల్ని అడిగింది ఒక్కటే, అదీ మీరు ఇవాళే చేయగలిగింది. నోట్‌బుక్ చదివానని మీరే చెప్పేయండి. చదవడం తప్పేనని చెప్పండి, క్షమించమని అడగండి. కోప్పడితే పడనివ్వండి, ఆ కోపం న్యాయమైనదే. ఇంకో రోజు కుదిరితే కుర్చీ పాట ఒక్కసారి వినిపిస్తావా అని అడగండి. కానీ ఈ రాత్రి ముందు గది బయట నిలబడి తలుపు కొట్టండి. లోపల్నుంచి 'రా' అనేదాకా అక్కడే ఆగండి.