టెక్ సందేహాలు: ఇన్వర్టర్ బ్యాటరీకి ఏ నీళ్లు, ఎప్పుడు?

ప్రశ్న: మా ఇన్వర్టర్ బ్యాటరీలో నీటి మట్టం తగ్గింది. ఇంట్లోని ఆర్వో ఫిల్టర్ నీళ్లు పోయవచ్చా? బ్యాకప్ కూడా తగ్గింది కనుక కాస్త యాసిడ్ కలపమని తెలిసినవారు చెబుతున్నారు.

జవాబు: రెండూ వద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఛార్జింగ్ చివరి దశలో విద్యుత్తు అందులోని నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టగా అవి మూతల రంధ్రాల గుండా బయటికి పోతాయి, యాసిడ్ మాత్రం లోపలే ఉండిపోతుంది. తగ్గింది నీరే కాబట్టి చేర్చవలసిందీ నీరే. బ్యాకప్ పడిపోవడానికి సాధారణంగా లోపలి సీసపు ప్లేట్లపై గట్టిపడిన లెడ్ సల్ఫేటో, ప్లేట్ల అరుగుదలో కారణమవుతుంది. యాసిడ్ పోస్తే, దాని గాఢతను కొలిచే హైడ్రోమీటర్ రీడింగు పెరుగుతుందే తప్ప ప్లేట్లు బాగుపడవు, పైగా గాఢత ఎక్కువై ఇంకా త్వరగా పాడవుతాయి. ఆ రీడింగు చూపించి బ్యాటరీ కోలుకుందని చెప్పేవారి మాట నేనైతే నమ్మను.

ఆర్వో నీటిలో లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు; కొన్ని ఫిల్టర్లు రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి కూడా. మరిగించి చల్లార్చిన నీటిలోనూ లవణాలు అలాగే ఉంటాయి. నీటిలోని ఇనుము వల్ల, బ్యాటరీని వాడకపోయినా ఛార్జి తనంతట తానే తగ్గిపోతుంది. క్లోరైడ్లు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

ఎప్పుడు పోయాలన్నదీ ముఖ్యమే. ఛార్జింగ్‌లో లోపలి ద్రవం వ్యాకోచిస్తుంది కనుక, ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి టెర్మినళ్ల మీదికి వస్తుంది. పూర్తిగా ఛార్జి అయ్యాక, ఇన్వర్టర్ ఆపి, నీటి మట్టం చూపే ఫ్లోట్‌పై ఉన్న గరిష్ఠ గీత దాటకుండా పోయాలి. అయితే ప్లేట్లు బయటికి కనిపించేంతగా నీరు ఇంకిపోయి ఉంటే, ముందుగా అవి మునిగేంత మాత్రమే పోసి, ఛార్జి అయిన తర్వాత మిగతాది నింపండి. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు ధరించి, ఉంగరాలు, గాజులు తీసిపెట్టాకే మూతలు విప్పండి. యాసిడ్ కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి, వెంటనే వైద్యుని చూడాలి.

ప్రశ్న: ఛార్జింగ్ సమయంలో బ్యాటరీ వేడెక్కి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. నీళ్లు పోస్తే తగ్గుతుందా?

జవాబు: ఇప్పుడు మూత విప్పనే కూడదు. అది విషపూరితమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన. అతిగా ఛార్జి కావడమో, బ్యాటరీలోని ఏదో ఒక సెల్ (విడి అర) చెడిపోవడమో జరిగి ఉంటుంది. వాసన లేని హైడ్రోజన్ కూడా అక్కడ చేరుతుంది, గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందువల్ల బ్యాటరీ పక్కన ఉన్న స్విచ్‌ను తాకకుండా, దూరంగా ఉన్న మెయిన్ బోర్డు నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే కరెంటు ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, గది బయటికి వచ్చేయండి. బ్యాటరీ చల్లబడ్డాక టెక్నీషియన్ చేత ఛార్జింగ్ వోల్టేజీని, ఒక్కో సెల్‌ను పరీక్షింపజేయండి.

ప్రశ్న: లిథియం బ్యాటరీకి మారితే ఈ నీళ్ల బాధ ఉండదా?

జవాబు: ఉండదు. కానీ మీ ఇన్వర్టర్‌లో లిథియంకు తగిన ఛార్జింగ్ సెట్టింగు ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకున్నాకే కొనండి.