‘ఎన్’ ఒక్కటే, పనులు బోలెడు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. జర్మన్‌లో ఏ2 స్థాయి పాసైన సంతోషం తీరకముందే తర్వాతి స్థాయి బీ1 పుస్తకం తెరిచి, ప్రతి మాట చివరా ‘ఎన్’ (-en) కనిపిస్తోందని బెంబేలెత్తిపోయావు. టెన్షన్ పడకు. ఇన్నేళ్లుగా జర్మన్ పాఠాలు చెబుతున్నాను, ఈ ఘట్టం దాటని విద్యార్థి లేడు. ‘ఎన్’ చేసే పనులన్నీ పట్టిక వేసి బట్టీ పట్టమంటే ఎవరి బుర్రకైనా ఇలాగే అవుతుంది. ఆ పట్టికను కొన్నాళ్లు పక్కన పెట్టెయ్.

‘చెట్టును చూశాను’ అను. రెండు మాటల చివరా ‘ను’ ఉంది. మొదటిది ద్వితీయా విభక్తి, రెండోది ‘చూసింది నేను’ అని చెప్పే ప్రత్యయం. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఏనాడైనా ఈ రెంటి దగ్గర తడబడ్డావా? చెట్టు వస్తువనీ, చూడటం పని అనీ ముందే తెలుసు కాబట్టి ‘ను’ గురించి నీకు ఆలోచనే రాదు. జర్మన్‌లోనూ ముందు మాటను పట్టుకో, తోక సంగతి తర్వాత.

ఒక వాక్యం తీసుకుందాం: ‘వీర్ హెల్ఫెన్ డేన్ నోయెన్ ష్టుడెంటెన్.’ మేం కొత్త విద్యార్థులకు సాయం చేస్తున్నాం అని అర్థం. ‘వీర్’ తప్ప మిగతా నాలుగు మాటల రాతా ‘ఎన్’తోనే ముగుస్తుంది. ‘హెల్ఫెన్’లో అది ‘మేం’కు తగ్గ క్రియారూపం. మిగిలిన మూడూ కలిసి ఒకే పని చేస్తున్నాయి, ‘విద్యార్థులకు’లో మన ‘లకు’ చేసే పని. ఇప్పుడు ఒక్క క్రియ మార్చు: ‘వీర్ జేయెన్ డేన్ నోయెన్ ష్టుడెంటెన్.’ మేం కొత్త విద్యార్థిని చూస్తున్నాం. ‘డేన్ నోయెన్ ష్టుడెంటెన్’లో ఒక్క అక్షరం మారలేదు, అయినా గుంపు కాస్తా ఒక్కడైపోయాడు! హెల్ఫెన్ (సాయం చేయడం) చతుర్థి, అంటే మన ‘కి/కు’ అడుగుతుంది, జేయెన్ (చూడటం) ద్వితీయ, అంటే మన ‘ని/ను’ అడుగుతుంది. అందుకే జర్మన్ వాక్యం చదివేటప్పుడు కళ్లు ముందు క్రియ మీదికి పోవాలి.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ఒక మేలుంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకునేవాళ్లు హెల్ఫెన్ దగ్గర తప్పకుండా తడబడతారు, ఎందుకంటే ఇంగ్లీషులో సాయానికీ చూపుకూ తేడా కనపడదు. మనం మాత్రం ‘అతనికి సాయం చేశాను’, ‘అతన్ని చూశాను’ అనే అంటాం. ‘నాకు నచ్చింది’, ‘నాకు చలిగా ఉంది’ అనే మాటలు కూడా జర్మన్‌లో అచ్చం ఇలాగే చతుర్థిలో వస్తాయి. కాబట్టి కొత్త క్రియ నేర్చుకున్నప్పుడల్లా తెలుగులో ‘కి’ వస్తుందా ‘ని’ వస్తుందా అని ఒకసారి అనుకో. అన్నిసార్లూ కుదరదు సుమా. మనం ‘అతనికి’ ఫోన్ చేస్తాం, వాళ్ల ‘ఆన్‌రూఫెన్’ ద్వితీయ కోరుతుంది. అలాంటివి విడిగా ఒక పేజీలో రాసుకో.

ఒకే తోకకు ఇన్ని పనులు పెట్టడం దుర్మార్గం కాదా అన్నావు. అసలు అది ఒకే తోక కాదమ్మా. సుమారు 750 నుంచి 1050 దాకా నడిచిన పాత జర్మన్‌లో ‘ఇవ్వడం’ గెబన్, ‘రోజులకు’ టగుమ్, ‘నాలుకలు’ త్సుంగూన్. మూడు పనులకు మూడు తోకలు. ఊనిక (పలికేటప్పుడు వేసే నొక్కు) మాట మొదట్లోనే పడటంతో చివరి అచ్చులు బలహీనపడి ఒకేలా అయిపోయాయి. ఈనాడు గేబెన్, టాగెన్, ట్సుంగెన్. ఇది తెలిశాక నాకైతే ఆ తోకల మీద ఎంతో ప్రేమ పుట్టింది. మ్యూనిక్ నగరం జర్మన్ పేరు ‘ముంచెన్’ కూడా ఇలాంటిదే. 1158 నాటి పత్రంలో ‘సన్యాసుల దగ్గర’ అనే అర్థంతో ‘మునిఖెన్’ అని ఉంది. బహువచన చతుర్థి ఊరి పేరులో అలాగే నిలిచిపోయింది.

నీకు మొదటి రోజే వచ్చిన ‘గూటెన్ టాక్’ కూడా ఒకసారి చూడు. ‘నీకు మంచి రోజు కోరుకుంటున్నాను’ అనే వాక్యంలో మిగిలిన ముక్క అది. రోజు పుంలింగం, ద్వితీయలో ఉంది, అందుకే గూటెన్. రాత్రి స్త్రీలింగం, అందుకే ‘గూటె నాఖ్ట్’, చివర ‘న్’ లేదు. విశేషణాల ‘ఎన్’ నేర్చుకోవడానికి ఇలాంటి పలకరింపులే నోటికి అలవాటు చేసుకో.

బహువచనం సంగతి తేలిక. ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’లతో ముగిసే నామవాచకాలు స్త్రీలింగాలు, వాటి బహువచనం ‘ఎన్’. ట్సైటుంగ్ వార్తాపత్రిక, ట్సైటుంగెన్ పత్రికలు. గార్టెన్ (తోట), వాగెన్ (బండి) లాంటి వాటిలో ‘ఎన్’ మాటలోనే భాగం, అక్కడ ప్రత్యయం వెతక్కు. లిజనింగ్ పరీక్షకు మరొకటి: మామూలు మాటల్లో ఆ ‘ఎ’ వినపడదు. ‘హాబెన్’ దాదాపు ‘హాబ్మ్’ అవుతుంది. రాసినట్టు వినపడాలని ఎదురుచూస్తే వాక్యం దాటిపోతుంది.

నువ్వు చేరబోయే ఆఖెన్ నగరానికి నెదర్లాండ్స్ సరిహద్దు పక్కనే. అక్కడి డచ్ భాషలో తోక రాతలో ఉంటుంది, మాటలో చాలా ప్రాంతాల్లో ‘న్’ మాయమవుతుంది. పుస్తకాలు ‘బూకెన్’ అని రాసి ‘బూకె’ అంటారు.

వచ్చే ఏడాది ఒక సెమిస్టర్ స్వీడన్‌లో చేయాలనుందన్నావుగా, అక్కడ మాత్రం జర్మన్ అలవాటు పూర్తిగా మానుకోవాలి. ‘బీల్’ అంటే కారు, ‘బీలెన్’ అంటే ఫలానా ఆ కారు. ఇంగ్లీషులో మాట ముందు వచ్చే ‘ది’ పనిని స్వీడిష్‌లో తోక చేస్తుంది. ‘బీలెన్’ చూసి కార్లు అనుకుంటే అంతే సంగతులు. అలాగని ‘ఎన్’ ఎప్పుడూ ఏకవచనమే అనుకోకు. ‘బార్న్’ అంటే బిడ్డ, ‘బార్నెన్’ అంటే ఆ పిల్లలు. స్వీడిష్ నామవాచకాల్లో ‘ఎన్’, ‘ఎట్’ అని రెండు లింగాలు, ప్రతి మాటనూ అది ‘ఎన్’ మాటో ‘ఎట్’ మాటో చూసి నేర్చుకుంటే ఈ చిక్కు రాదు.

వేల్స్‌లో ఇంకా విచిత్రం. ‘సేర్’ అంటే నక్షత్రాలు, ‘సెరెన్’ అంటే ఒక్క నక్షత్రం. జర్మన్‌లో ఒకటిని గుంపు చేసే తోకే అక్కడ గుంపులోంచి ఒకటిని విడదీస్తుంది. హంగేరియన్‌లో ‘సేకెన్’ అంటే కుర్చీ మీద. అదే బల్ల అయితే ‘అస్తలొన్’, మాటలోని అచ్చును బట్టి తోక మారుతుంది. పులికి, చెట్టుకు అనే మనకు ఇది కొత్తేం కాదు. వీటికీ జర్మన్ ‘ఎన్’కూ చుట్టరికం లేదు, వినడానికి ఒకేలా ఉంటాయంతే.

రేపటి నుంచి రోజూ ఒక చిన్న పేరా తీసుకుని, ‘ఎన్’ ఉన్న ప్రతి మాట కిందా పెన్సిల్‌తో గీత గియ్యి. పక్కన క్రియా, బహువచనమా, విభక్తా, మాటలో భాగమా అన్నది ఒక్క ముక్కలో రాయి. సందేహం వచ్చినచోట డిక్షనరీ కంటే ముందు ఆ వాక్యంలోని క్రియను చూడు. ఆదివారం ఆ పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపిస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న