మనవడికి 97 వస్తే అమ్మాయెందుకు ఏడ్చింది?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయి, అల్లుడు రెండేళ్ళ క్రితం ఇంగ్లండ్ వెళ్ళారు, మనవడు అక్కడ ఇయర్ సిక్స్ పూర్తి చేశాడు. జులైలో రిజల్ట్స్ వచ్చాయి, రీడింగ్ 97, గ్రామర్ 101, మ్యాథ్స్ 108 అని అల్లుడు మెసేజ్ పెడితే నేను ఆనందం పట్టలేక మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ స్వీట్లు పంచేశాను. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని రీడింగ్ పోయింది నాన్నా అంటోంది. 97 వస్తే పోవడమేంటండీ? వందకి 108 ఎలా వస్తాయి? పిల్లాణ్ణి మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతారా, మంచి హైస్కూల్లో సీటు రాదా?
- ఒక తాతయ్య, గుంటూరు

జవాబు: తాతయ్య గారూ, ముందు మీ భయం తీరుస్తాను. బాబు రాసినవి సాట్స్ (SATs) అని ప్రైమరీ చివర్లో ఇంగ్లండ్ అంతటా పెట్టే పరీక్షలు, వీటివల్ల ఎవర్నీ అదే క్లాసులో ఉంచరు. హైస్కూల్ సీటు గురించి కూడా బెంగ పెట్టుకోకండి, అక్కడ గవర్నమెంట్ సెకండరీ స్కూళ్ళలో ఎవరికి ఎక్కడ సీటన్నది మార్చి మొదట్లోనే చెప్పేస్తారు, ఈ పరీక్షలు జరిగేదే మేలో. గ్రామర్ స్కూళ్ళని, పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే గవర్నమెంట్ హైస్కూళ్ళు కొన్ని ఉన్నాయి, వాటికి ఎంట్రన్స్ ఉంటది కానీ అది పూర్తిగా వేరే పరీక్ష.

ఇక ఆ 97. అది వందకి వచ్చిన మార్కు కాదండీ, స్కేల్డ్ స్కోరు అంటారు. అది 80 దగ్గర మొదలై 120 దాకా ఉంటది. 100 వస్తే ఆ వయసుకి రావాల్సిన స్థాయి వచ్చినట్టు, 110 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకా పై స్థాయి. 100 కంటే తక్కువైతే రిపోర్టులో ఎన్ఎస్ (ఆ స్థాయి అందలేదు) అని, 100 గానీ పైన గానీ వస్తే ఏఎస్ (అందింది) అని ఉంటది. అంటే బాబు మ్యాథ్స్‌లో బాగా చేశాడు, గ్రామర్‌లో గట్టెక్కాడు, రీడింగ్‌లో కొంచెంలో తప్పింది. స్వీట్లు పంచడంలో తప్పేం లేదు, ఆ 108కే పంచానని చెప్పండి.

అసలు మార్కులు వేరే ఉంటాయి, రీడింగ్ పేపర్ 50 మార్కులు, మ్యాథ్స్ మూడు పేపర్లు కలిపి 110. పేపర్ ఏడాదికోలా ఉంటది కాబట్టి 100 స్కోరు రావడానికి ఎన్ని మార్కులు కావాలో కూడా మారుద్ది. 2022లో రీడింగ్‌లో 50కి 29 కావాల్సొచ్చింది, 2023 పేపర్ చాలా కష్టంగా ఉందని పిల్లలు ఏడ్చారని అక్కడ పెద్ద గొడవైంది, ఆ ఏడాది 24 వస్తే సరిపోయింది. కష్టమైన పేపర్ పడినందుకు పిల్లలు నష్టపోకూడదనే ఈ స్కేలు పెట్టారు, 2016 నుంచి ఇదే పద్ధతి.

మీ అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పండి. 2025లో ఇంగ్లండ్ మొత్తం మీద రీడింగ్‌లో ఆ స్థాయి అందుకున్నవాళ్ళు 75 శాతం, అంటే అక్కడే పుట్టి ఇంగ్లీషే మాట్లాడే పిల్లలతో కలిపి ప్రతి నలుగుర్లో ఒకరికి రాలేదు. రీడింగ్, రైటింగ్, మ్యాథ్స్ మూడిట్లోనూ వచ్చినవాళ్ళు 62 శాతమే. కోవిడ్‌కి ముందు 2019లో 65 ఉండేది, 2020లో 2021లో పరీక్షలే పెట్టలేదు, 2025కి కూడా ఆ లోటు పూడలేదు. మన ఇండియన్ పిల్లలు సగటు కంటే బాగా చేస్తారన్నది నిజమే, అక్కడ మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా 115లు 118లు వచ్చినవాళ్ళే చెప్పుకుంటారు, 97 వచ్చిన అమ్మ నోరు మెదపదు. నాకు బాధనిపించేది అదే.

ఇంకోటి, ఈ పరీక్షల్లో ప్రధానంగా బయటపడేది స్కూలు పనితీరు. ప్రతి స్కూల్ రిజల్ట్స్ అందరూ చూసేలా పెడతారు, హైస్కూల్ పిల్లల్ని ఎంతవరకు ముందుకు తీసుకెళ్ళిందో లెక్కేసేటప్పుడు కూడా ఇవే మొదటి కొలత. మన దగ్గర 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకి దేశమంతా పిల్లల చదువు ఎలా ఉందో చూసే పరఖ్ సర్వే పెట్టారు కదా, అందులో కొన్ని స్కూళ్ళే ఎంచుకుంటారు, పిల్లాడికి విడిగా మార్కులు చేతికివ్వరు. అక్కడ పిల్లాడి చేతికీ వస్తుంది, బెంగ అక్కడే మొదలు.

మరి బాబుకి రీడింగ్‌లోనే ఎందుకు తగ్గిందంటే, నా అనుమానం ఇది. ఇక్కడ ఇంగ్లీష్ మీడియం అన్నా సరే పాఠం కింద ప్రశ్నలకి జవాబులు నోట్‌బుక్‌లో రాయించి అవే బట్టీ పట్టిస్తాం. అక్కడేమో ఎప్పుడూ చూడని మూడు భాగాలిచ్చి గంటలో చదివి రాయమంటారు, వాడు తలుపు దగ్గర ఎందుకు ఆగాడు, నీకెలా తెలిసింది, ఏ మాట బట్టి అనుకున్నావు అని అడుగుతారు. రెండేళ్ళలో దాని మీద 97 దాకా వచ్చాడంటే తక్కువేం కాదండీ.

సాయం మీరే చెయ్యొచ్చు. వీడియో కాల్‌లో తెలుగు కథే చదవండి, మధ్యలో ఆపి ఆవిడ ఎందుకు అలా అందిరా, నీకెందుకు అలా అనిపించింది అని అడగండి. మాటల చాటున ఉన్నది పట్టుకోవడం తెలుగులో అలవాటైతే ఇంగ్లీషులోనూ పనికొస్తుంది. హైస్కూల్లో చేరగానే ఇంగ్లీష్ టీచర్ని కలిసి ఇంట్లో తెలుగు మాట్లాడతామని అమ్మాయిని చెప్పమనండి, అది దాచుకోవాల్సిన విషయం కాదు. పిల్లాడి ముందు మాత్రం ఆ నంబర్ పట్టుకుని ఏడవొద్దనండి, ప్లీజ్.

ప్రశ్న: మేము విజయవాడ పటమట నుంచి ఆగస్టులో లండన్ వెళ్తున్నాం, పాప ఇయర్ ఫోర్‌లో చేరుద్ది. ఎక్కాల పరీక్ష ఉంటదంటున్నారు, పాపకి 20 దాకా వచ్చు, సరిపోద్దా?
- ఒక అమ్మ

జవాబు: సరిపోద్దమ్మా, అక్కడ 12 దాకానే. జూన్‌లో కంప్యూటర్ మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు, పాస్ మార్కు లేదు. కానీ మన పిల్లలు ఎక్కం మొదటినుంచి వరసగా చదివితేనే జవాబు దొరుకుద్ది, ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఏడు ఒకట్ల దగ్గర మొదలెడతారు, ఆ టైమ్ అక్కడ ఉండదు. 6, 7, 8, 9, 12 ఎక్కాలు ఎక్కువగా అడుగుతారు, వాటిని కలిపేసి ఎక్కడబడితే అక్కడ అడగండి. జవాబు టైప్ చేయడం కూడా ఆ 6 సెకన్లలోనే, కాబట్టి కీబోర్డు మీద నంబర్లు కొట్టడం ఇప్పటినుంచే అలవాటు చేయండి.