సీటు బెల్టు లేని పాత అంబాసిడర్ కుర్రాడికి ఇవ్వొచ్చా?

తాతగారి 1980ల నాటి అంబాసిడర్‌లో బెల్టుల్లేవు, అప్పటి కుర్రకారంతా అలాగే నడిపారు కదా, మా అబ్బాయికిస్తే తప్పేంటని అడిగారు. అలా నడిపిన మాట నిజమే. కొత్త కార్లకు ముందు సీటు బెల్టులు తప్పనిసరి చేసిందే 1994లో. కానీ ఆ అలవాట్లు ఎంత ప్రమాదమో తెలిస్తే మీరు ఇవ్వరు.

ముందు సీటు పొడుగాటి బెంచీ, గేరు రాడ్డు స్టీరింగ్ కిందే. దాంతో ముందే నలుగురు ఇరుక్కునేవారు. రెక్సిన్ సీటు మీద మలుపులో ఒళ్లు జారుతుంది, నిలదొక్కుకోడానికి కుర్రాడు స్టీరింగునే పట్టుకు వేలాడతాడు, బండి అనుకోని వైపు లాగేస్తుంది. ఎవరినీ గుద్దకముందే బెల్టు అవసరం ఇది.

ఒళ్లో పిల్లల సంగతి ఇంకా ఘోరం. 50 కి.మీ. వేగంలో ఉన్న బండి గుద్దుకుని అర మీటరులో ఆగితే 10 కిలోల బిడ్డ దాదాపు 200 కిలోల బరువుతో ముందుకు తోసుకొస్తుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగదు.

అన్నిటికన్నా చెడ్డది, పెట్రోలు కలిసొస్తుందని ఘాట్‌లో న్యూట్రల్‌లో దించడం. ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అవి కాగేకొద్దీ డ్రమ్ముకి లోపల ఒరుసుకునే లైనింగ్ పట్టు సడలుతుంది, మాడు వాసన వస్తుంది, పెడల్ లోతుకి దిగుతుంది. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి పట్టిందంటే పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. ఎక్కిన గేరులోనే దిగాలి. వాసన రాగానే పక్కకి ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పొయ్యకండి, డ్రమ్ము పగలొచ్చు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమ పీల్చి త్వరగా మరుగుతుంది, రెండేళ్లకోసారి మార్పించండి.

బెల్టు పెట్టించేటట్టయితే మూడు చోట్ల బిగించేదే పెట్టించండి: తలుపుల మధ్య స్తంభానికి ఒకటి, నేలకి రెండు. ముందు తివాచీ ఎత్తి నేల రేకు చూడండి, తుప్పుంటే వెల్డింగ్ చేయించాకే మిగతా పని. బోల్టు వెనక మందపాటి ఇనప పలక ఉండాలి. ఉత్త రేకుకి బిగిస్తే గుద్దినప్పుడు బోల్టు రేకుని చీల్చుకుని ఊడొస్తుంది. సీటు బోల్టులూ బిగించండి. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. సెకండ్ హ్యాండ్ బెల్టు వద్దు, ఒకసారి ప్రమాదంలో సాగిన బెల్టు మళ్లీ పనికిరాదు.

అబ్బాయికి 18 నిండి లైసెన్సు రాలేదంటే అసలు తాళాలే ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనర్ నడుపుతూ దొరికితే మీకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.