పిల్లల్ని కూర్చోబెట్టలేక ఏడుపొస్తోంది అక్కా!

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తిరుపతి. ముగ్గురు పిల్లలు, పెద్దాడికి ఆరేళ్లు, పాపకు నాలుగు, చిన్నోడికి ఎనిమిది నెలలు. మేము యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం వాళ్లం, బయట మోర్మన్లు అంటుంటారు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఆదివారం పిల్లల్ని ప్రైమరీలో, అంటే సంఘంలో పిల్లల కోసం పెట్టే కూడికలో కూర్చోబెడితే టీచర్లు చూసుకునేవాళ్లు. ఆయనకు రేణిగుంటలో ఉద్యోగం వచ్చి రెండేళ్ల కిందట ఇక్కడికి వచ్చేశాం, ఇక్కడ మాకు తెలిసి మావాళ్లెవరూ లేరు. ఆదివారం అనుమతి తీసుకుని ఆయనే ఇంట్లో రొట్టె, నీళ్లు ఆశీర్వదించి, క్రీస్తును తలుచుకునే సంస్కారం ఇస్తారు. మిగతాదంతా నా మీదే. రోజూ రాత్రి తొమ్మిదికి మా పవిత్ర పుస్తకం మోర్మన్ గ్రంథం తెరుస్తాను. రెండు వచనాలు అయ్యేలోపు పెద్దాడు పాపను తంతాడు, పాప నీళ్లంటుంది, చిన్నోడు ఉలిక్కిపడి లేస్తాడు. ఆయనకు వారం మార్చి వారం నైట్ షిఫ్టు. చివరికి నేను అరుస్తాను, ఆ కోపంలోనే ప్రార్థన చేసి ఆమెన్ అంటాను. నిన్న పెద్దాడు ‘ప్రార్థన అంటే నువ్వు తిడతావు, నాకొద్దు’ అన్నాడు. తల్లిగా నేను ఓడిపోయానా అక్కా?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: లేదమ్మా, ఓడిపోలేదు. వాడు ఆ మాట నీ మొహం మీదే చెప్పగలిగాడంటే నీ దగ్గర భయం లేకుండా ఉన్నాడనే నేననుకుంటున్నా. కానీ ఆ మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకు. ముందు ఆ రాత్రి తొమ్మిది గంటల క్లాసు ఆపెయ్. ఈ రోజే ఆపెయ్.

నేనూ ఈ సంఘంలోకి వచ్చింది పెళ్లయ్యాక, బెంగళూరులో. తిరుపతికి వచ్చేసరికి నా పిల్లలూ నీ పిల్లల ఈడే, అందుకే నీ ఇల్లు నా కళ్ల ముందు కనిపిస్తోంది. మన సంఘంలో ఇంటికి ఇచ్చిన చోటు చాలా పెద్దది, అది నిజమే. వారానికో సాయంత్రం ఇంటిల్లిపాది కూర్చుని దేవుడి మాటలు చెప్పుకోండని అప్పటి సంఘ అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1915లోనే చెప్పారు, 1970లో దానికి సోమవారాన్ని కేటాయించారు, 2019 జనవరి నుంచి ఆదివారం కూడికను మూడు గంటల నుంచి రెండుకు తగ్గించి, ఇంట్లోనే నేర్చుకోండన్నారు. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, అవన్నీ మనమే మొయ్యాలేమో అనుకుంటాం మనం. ఆ గంట తగ్గించింది మన ముందుగదిని బడి చెయ్యడానికి కాదమ్మా. సోమవారం ఆయనకు షిఫ్టు ఉంటే ఆ గృహ సాయంకాలం శనివారం పెట్టుకో, తప్పేమీ లేదు. మోర్మన్ గ్రంథంలో బెంజమిన్ రాజు పేదలకు పెట్టండి, ఆకలైనవాడికి అన్నం పెట్టండి అని అంత గట్టిగా చెప్పి కూడా, శక్తికి మించి పరుగెత్తనక్కర్లేదు, అన్నీ తెలివిగా, ఒక క్రమంలో చెయ్యండని అంటాడు. ఆ వచనం మోషైయా గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది, తీసి చూడు.

మరి ఏం చెయ్యాలి అంటావా? పిల్లల్ని విడదియ్యి. ముగ్గుర్నీ ఒక్క చాప మీద, నిద్ర ముంచుకొచ్చే వేళ కూర్చోబెడితే ఏ ఇంట్లోనైనా తన్నులాటే. మోర్మన్ గ్రంథంలో చెప్పే నీఫైయులు అనే జనం దగ్గరికి ప్రభువు వచ్చిన రోజు కూడా అంతమంది చిన్నపిల్లల్ని ఒక్కొక్కరిగా తీసుకుని ఆశీర్వదించాడని రాసుంది కదా. నాకు ఆ ‘ఒక్కొక్కరిగా’ అన్న మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

అర్థమైంది ఎలాగో చెప్తా విను. మన చిత్తూరు వైపు చలికాలంలో పితికిపప్పు చెయ్యని ఇల్లుండదు కదా. ఓ రోజు నానబెట్టిన అనపగింజలు గిన్నెలో వేసుకుని పితుకుతున్నా, అప్పుడు ఐదేళ్లున్న మా పెద్దాడు వచ్చి కూర్చున్నాడు. వాడు పితికితే గింజ తుర్రుమని గోడకు తగులుతోంది, వాడికి అదో ఆట. ఊరికే ఉండలేక, మోర్మన్ గ్రంథంలో నీఫై అనే ఆయన ఓడ కట్టిన కథ మొదలుపెట్టా, దేవుడు కట్టమంటే కట్టాడు, వాళ్లన్నలు చూసి నవ్వారు అని. వాడు చెయ్యి ఆపి, ‘దేవుడు చెప్పినాడు కదా, మరి ఎందుకు నవ్వినారు మా?’ అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే, స్కూల్లో టిఫిన్ బాక్సు ముందు కళ్లు మూసుకుంటే పక్కపిల్లలు తనను చూసి నవ్వుతున్నారని, రెండు రోజులుగా కళ్లు మూసుకోకుండానే తినేస్తున్నానని చెప్పాడు. రాత్రిపూట చాప మీద వందసార్లు చదివినా ఆ మాట బయటికి వచ్చేది కాదు. నేను ఏ ఉపదేశమూ చెయ్యలేదు, కళ్లు తెరిచి మనసులో చెప్పుకున్నా తండ్రి వింటాడు నాయనా అన్నా, అంతే. మళ్లీ గింజలు పితుక్కున్నాం.

అందుకని పెద్దాడికి వంటింట్లో ఓ పది నిమిషాలు, పాపకు తల దువ్వేటప్పుడు ఓ చిన్న కథ, చిన్నోడికి పాలిస్తూ ఓ పాట. పుస్తకం నీ ఒక్కదాని కోసం ఎప్పుడు వీలైతే అప్పుడు తెరువు, నువ్వు చదువుకోవడం వాళ్లు చూస్తే చాలు. రాత్రి అందరూ కలిసి ఒకే ప్రార్థన, నిమిషం చాలు, పాప చేత చెప్పించు. అరిచావు కదా, పెద్దాడిని ఒక్కణ్నే కూర్చోబెట్టుకుని, ‘నేను కోపంతో ప్రార్థన చేశాను నాన్నా, అది నా తప్పు’ అని చెప్పు. వాడు వినేలా, నన్ను క్షమించు అని పరలోక తండ్రిని కూడా అడుగు. సిగ్గుపడకు.

ఇక ఒంటరితనం. దాన్ని నీ లోపం అనుకోవద్దు. ప్రైమరీ పుట్టిందే అందుకు: 1878లో అమెరికాలో యూటాలోని ఫార్మింగ్టన్ అనే ఊళ్లో పిల్లలు పొద్దుపోయేదాకా వీధుల్లో తిరుగుతుంటే, ఆరేలియా రోజర్స్ అనే తల్లి పెద్దలతో మాట్లాడి వాళ్లకోసం కూడిక పెట్టించింది, మొదటి రోజే 224 మంది పిల్లలు వచ్చారు. ఇళ్లల్లో తల్లులు ఒక్కళ్లే చెయ్యలేకపోయారు కాబట్టే కదా అది కావాల్సి వచ్చింది! హైదరాబాదులో నీ పిల్లలకు చెప్పిన టీచరుకు ఈ రోజే ఫోన్ చెయ్యి, ఆదివారం ఇరవై నిమిషాలు వీడియో కాల్‌లో పాటలు నేర్పమని అడుగు. అడగనిదే వాళ్లకెలా తెలుస్తుంది నీ కష్టం?

ప్రశ్న: అక్కా, మా అత్తమ్మ మన సంఘం కాదు. మావాడికి ఐదేళ్లు. పొద్దున్నే అవ్వ ఒళ్లో కూర్చుని ఆమె గ్లాసులో ఫిల్టర్ కాఫీ తాగేస్తున్నాడు. వద్దంటే ఆమెకు కోపం. పక్కింటివాళ్లు కొండకు పోయొచ్చి లడ్డు ఇస్తే ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నాను.
– ఒక కోడలు, చిత్తూరు

జవాబు: వాడికి కావాల్సింది కాఫీ కాదమ్మా. అవ్వ ఒడి, ఆ నురగ, ఆ డబరా గ్లాసు. అవి వాడి దగ్గర్నుంచి లాక్కోకు. అదే గ్లాసులో కాఫీ పొడి లేకుండా శొంఠి, బెల్లం వేసిన పాలో, రాగిమాల్టో నురగొచ్చేలా ఆమె చేతే తిరగపోయించు. ‘అత్తమ్మా, మా సంఘంలో కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టకూడదని ఒక నియమం, జ్ఞాన వాక్యం అంటాం, దేవుడికి మాటిచ్చాం, వీడికి మీరే సాయం చెయ్యాలి’ అని ఆమె ఒక్కరే ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పు, మీ ఆయన కూడా పక్కనుంటే మంచిది. వాడికి మాత్రం కాఫీ తాగేవాళ్లు చెడ్డవాళ్లన్న అర్థం వచ్చేలా ఒక్క మాట కూడా అనొద్దు. అవ్వ తాగుతుంది, మనం తాగం, అంతే.

లడ్డు సంగతికి వస్తే, ప్రేమగా ఇచ్చినదాన్ని రెండు చేతులతో తీసుకో. తినాలా వద్దా అన్నది మీ ఆలుమగలు ప్రార్థన చేసి తేల్చుకోవాల్సిన విషయం, అందులో నేను తలదూర్చను. కానీ మన సంఘం నమ్మేవాటిని చెప్పే విశ్వాస ప్రమాణాల్లో పదకొండోది ఏం చెప్తుంది? మన మనస్సాక్షి ప్రకారం మనం ఆరాధిస్తాం, ఎదుటివాళ్లు ఎలా, ఎక్కడ, దేన్ని ఆరాధించుకున్నా ఆ హక్కు వాళ్లకూ ఉందంటుంది. తిరుపతి, చిత్తూరుల్లో పెరిగే మన పిల్లలకు నేర్పాల్సిన మొదటి ప్రమాణం అదేనని నా గట్టి నమ్మకం. గోవిందా అంటూ మెట్లెక్కిపోయేవాళ్లను చూసి మావాడు అడిగినప్పుడు, ‘వాళ్లు ఎంత ఇష్టంగా ఎక్కుతున్నారో చూడు’ అన్నాను. ఆ ఇష్టాన్ని వాడు గౌరవంగా చూడాలి.

ప్రశ్న: నెల మొదటి ఆదివారం ఉపవాసం ఉండలేకపోతున్నాను, బిడ్డకు ఐదు నెలలు, పాలిస్తున్నాను. తప్పా అక్కా?
– పేరు వద్దు, తిరుపతి

జవాబు: కాదు. ఉపవాసమంటే రెండు పూటల భోజనంతో పాటు నీళ్లు కూడా మానేది. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకే ఆ మాట, పాలిచ్చే తల్లికి కాదు. మన ఎండల్లో నువ్వు నీళ్లు మానేస్తే బిడ్డకు పాలు ఎక్కడ్నుంచి వస్తాయి? ఆ రెండు పూటల ఖర్చును పేదల కోసం ఉపవాస కానుకగా ఇస్తాం కదా, అది నువ్వూ ఇవ్వొచ్చు, ప్రార్థనా చెయ్యొచ్చు. వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే రెండు గ్లాసులు మజ్జిగ తాగి, కడుపునిండా తిని, అప్పుడు బిడ్డను ఒళ్లోకి తీసుకో.